తూర్పు దేశపు మాస్టరు

ఎజ్రా తెనాలిలో కరాటే మాస్టారు. మారీసుపేటలో ఒక బడి ఆవరణలో రోజూ సాయంత్రం క్లాసు నడిపేవాడు. అది కాక బుధవారం రేపల్లె వెళ్ళేవాడు, శనివారం బాపట్ల వెళ్ళేవాడు. అప్పటికి అతనికి ముప్పై దాటలేదు. పెళ్ళి మాట ఎత్తితే తల్లి సుగుణమ్మతో, "ముందు క్లాసు నిలబడనీ అమ్మా," అనేవాడు.

1987లో వానలు మొదలైన కొత్తల్లో ఒక శనివారం బాపట్లలో క్లాసు జరుగుతోంది. మైదానం పక్క రోడ్డు మీద ఒక యువకుడు సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. పచ్చని ఛాయ, వెడల్పాటి బుగ్గలు, సన్నని కళ్ళు. అతన్ని చూడగానే క్లాసులో కుర్రాళ్ళు వరస చెదిరి గోడ దగ్గరికి పరిగెత్తారు.

"ఒరేయ్ చైనా! ఒక్క దెబ్బ చూపించి పోరా!"

ఆ యువకుడు తల తిప్పలేదు. ఎవడో మట్టిబెడ్డ విసిరాడు. అది అతని వీపుకి తగిలి పగిలింది. అతను సైకిలు ఆపి, చొక్కా దులుపుకుని, మళ్ళీ ఎక్కబోయాడు.

ఎజ్రాకి ఒళ్ళు మండిపోయింది. కుర్రాళ్ళందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, గోడ దూకి రోడ్డు మీదికి వెళ్ళాడు.

"సారీ బ్రదర్. మా పిల్లలు. తప్పు నాది."

"పర్లేదండి. అలవాటేనండి," అన్నాడతను. తెలుగు కూడబలుక్కుంటున్నా స్పష్టంగానే ఉంది. పేరు లాల్‌థంగా. మిజోరం నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయ కళాశాలలో మూడో ఏడు చదువుతున్నాడు. థంగా అని పిలవమన్నాడు. "హాస్టల్లో కూడా చైనానే అండి. వంటమనిషి ఒక్కడే పేరు పెట్టి పిలుస్తాడు."

"మరి నీకు కరాటే వచ్చా?" అని అడిగేశాడు ఎజ్రా.

థంగా నవ్వాడు. "మీరు కూడానా అండి?"

ఎజ్రాకి తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి మాట్లాడి ఆ మాటని కప్పేద్దామని, "చర్చికి వెళ్తావా?" అన్నాడు. థంగా జేబులోంచి చిన్న పాటల పుస్తకం తీసి చూపించాడు. వాళ్ళ భాషలో ఉన్న పుస్తకం అది. "రేపు ఆదివారం మా ఇంటికి రా. మా అమ్మ చర్చిలో కొయిరు నడుపుతుంది," అన్నాడు ఎజ్రా.

అలా మొదలైంది. ఆ తర్వాత చాలా ఆదివారాలు థంగా బాపట్ల నుంచి పొద్దున్న బండికి తెనాలి వచ్చేవాడు. సుగుణమ్మ మిషన్ బడిలో పంతులమ్మగా రిటైరైన మనిషి. గొంతు బాగులేనివాళ్ళని మొహమాటం లేకుండా వెనక వరసలోకి పంపేసేది. మొదటి రోజే థంగాని పియానో పక్కన నిలబెట్టింది. పాటకి అడుగున స్వరాలు చెప్పే సోల్ఫా అక్షరాలు చూసి అతను కొత్త పాటనైనా తడుముకోకుండా పాడేవాడు. అందరూ ఒక్క రాగంలో పాడుతుంటే అతని గొంతు ఒక్కటీ పక్క నుంచి వేరే మెట్టు మీద వచ్చి కలిసేది. తెలుగు మాటలకి అర్థం చెప్పించుకున్నాకే నోరు విప్పేవాడు. మధ్యాహ్నం సుగుణమ్మ వడ్డించిన చేపల పులుసు తింటూ, వాళ్ళ ఊళ్ళో అన్నంలోకి ఉడికించిన ఆకుకూర తప్ప పులుపూ కారం ఉండవని చెప్పి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకొంచెం వేయించుకునేవాడు.

"నాకు ఇద్దరు కొడుకులనుకుంటాలేరా," అనేది సుగుణమ్మ.

ఒకసారి పులుసు తింటూనే థంగా తన ఊరి సంగతి చెప్పాడు. అతను చంటిబిడ్డగా ఉన్నప్పుడు తిరుగుబాటుని అణచడానికి వచ్చిన సైన్యం వాళ్ళ ఊరు ఖాళీ చేయించింది. ఇళ్ళు తగలబడుతుంటే తల్లి అతన్ని వీపున కట్టుకుని రోడ్డు పక్క శిబిరానికి నడిచింది. "మా దగ్గర తుపాకులుండేవి అన్నా. కరాటే ఎక్కడిది? నేను కొట్టుకోవడం చాలా చూశాను. అందుకే మొక్కల చదువుకి వచ్చాను."

ఎజ్రా ఆ మాట విన్నాడు. విని కూడా, ఆ తర్వాత ఆ పని చేశాడు.

ఆ ఏడు దసరాకి తెనాలిలో ఇంకో కరాటే క్లాసు వెలిసింది. కొత్త మాస్టరు నుదుటితో పెంకులు పగలగొట్టేవాడు, పొట్ట మీద నుంచి మోటారుసైకిలు పోనిచ్చేవాడు. గోడల నిండా అతని ఫొటోలే. ఎజ్రా దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఎజ్రాకి పెంకులు పగలగొట్టడం ఇష్టం లేదు. ఎదురుగా మనిషి లేకపోయినా వరసగా అడుగులూ దెబ్బలూ వేస్తూ చేసే సాధన ఒకటుంది, దాన్ని కటా అంటారు. అది అతను అద్భుతంగా చేసేవాడు. కానీ దాన్ని చూడటానికి ఎవరూ ఆగేవారు కాదు.

ఎజ్రా బెజవాడలో నేర్చుకున్నాడు. అక్కడి గురువు మొదటి నెలలోనే అతని ఇంటిపేరు, పేట, చర్చి అన్నీ కనుక్కుని, "నువ్వు ఇక్కడ నిలబడు. మీవాళ్ళకి ఒళ్ళు మొద్దురా. ఎండలో వానలో పనిచేసిన రక్తం కదా, దెబ్బ తెలియదు," అని మిగిలినవాళ్ళ ముందు నిలబెట్టాడు. కమ్మవారి పిల్లలు, కోమట్ల పిల్లలు అతని మీద గుద్దడం నేర్చుకున్నారు. ఎజ్రా తండ్రి పంతులు, తాత పంతులు, ఇద్దరిలో ఎవరూ కొడవలి పట్టి ఎరగరు. అయినా ఎజ్రా ఆ మాటని కొన్నాళ్ళు మెచ్చుకోలనే అనుకున్నాడు. రాత్రి పడుకోవడానికి వీపు ఆనకపోతే, ఆ నొప్పి తన సాధన లోపమనుకున్నాడు.

అటువంటివాడికి ఆ ఆలోచన ఎలా వచ్చిందో తర్వాత ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఒక ఆదివారం థంగా స్నానం చేసి వచ్చేసరికి తన చొక్కా ఆరలేదు. దండెం మీదున్న ఎజ్రా కరాటే డ్రస్సు తొడుక్కుని గదిలోకి వచ్చాడు. ఎజ్రా అతన్ని చూసి అలాగే ఉండిపోయాడు. బెల్టు కట్టకుండానే, చెయ్యి ఎత్తకుండానే, అచ్చం సినిమా పోస్టరు మీద ఉండే మాస్టరులా ఉన్నాడు. తాను పదేళ్ళు చెమటోడ్చినా ఒక్కనాటికీ అలా కనబడలేదు.

"తమ్ముడూ, నాకొక సాయం చెయ్యాలి," అన్నాడు.

ఏమీ చెయ్యక్కర్లేదన్నాడు. ఊరికే వచ్చి నిలబడి నమస్కారం పెడితే చాలన్నాడు. రెండు మూడు అడుగులు తాను నేర్పుతానన్నాడు. థంగా ముఖం చిన్నబోయింది.

"చైనా అని పిలిస్తే వాళ్ళని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు కదా అన్నా."

"వాళ్ళు ఎగతాళికి పిలిచారు. ఇది మర్యాద. రేపట్నించి నిన్ను చూస్తే నమస్కారం పెడతారు." థంగా ఇంకా చూస్తూనే ఉంటే, "అయినా మీవాళ్ళకి రక్తంలోనే ఉంటుంది తమ్ముడూ. నువ్వు నిలబడ్డ తీరులోనే ఉంది," అన్నాడు.

ఆ మాట నోటినుంచి వచ్చాక ఎజ్రా చెవులకి బెజవాడ గురువు గొంతులానే వినబడింది. దాన్ని తోసేశాడు. ఇది వేరు, ఇది పొగడ్త అనుకున్నాడు.

థంగా తన కోసం వడ్డించి ఉన్న అన్నం ప్లేటు వైపు, వంటింట్లో ఉన్న సుగుణమ్మ వైపు చూశాడు. "ఒక్కసారే కదా అన్నా," అన్నాడు.

పోస్టరు మీద 'తూర్పు దేశాల నుంచి విచ్చేసిన మాస్టర్ తాంగ్' అని వేయించాడు ఎజ్రా. ప్రెస్సులో వాళ్ళు చైనా అనాలా జపాన్ అనాలా అంటే, "అదేం వద్దు, తూర్పు అనండి చాలు," అన్నాడు. మిజోరం తూర్పునే ఉంది కదా, తాను అబద్ధం రాయించలేదు కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. సుగుణమ్మకి మాత్రం చెప్పలేదు.

తెనాలిలో మొదటిసారి అంతా సాఫీగా జరిగిపోయింది. థంగా నల్ల బెల్టు కట్టుకుని వచ్చి వంగి నమస్కరించాడు. ఎజ్రా నేర్పిన అడుగులు వేశాడు. ఎజ్రా తన మీదికి దూకితే, ముందే అనుకున్నట్టు పక్కకి తప్పుకున్నాడు. ఎజ్రా తనంతట తానే గాల్లో పల్టీ కొట్టి పడ్డాడు. జనం ఈలలు వేశారు. అవతలి క్లాసుకి పోయిన పిల్లలు తిరిగి వచ్చారు. మర్నాడు తెనాలి స్టేషన్లో టీ కొట్టువాడు థంగాకి బెంచీ తుడిచి, "కూర్చోండి మాస్టారూ," అన్నాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు థంగా ముఖంలో సంతోషం ఉంది. అది చూసి ఎజ్రాకి గుండె తేలికైంది. ఒక్కసారి అనుకున్నది రెండోసారికి పాకింది.

రెండోసారి రేపల్లెలో. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మైదానం నిండిపోయింది. స్టేజీ మీద ముఖ్య అతిథిగా రైసుమిల్లు సుబ్బరామయ్యగారు కూర్చున్నారు. రేపల్లె క్లాసులో పిల్లలు తెల్ల డ్రస్సుల్లో వరసగా నిలబడ్డారు. వాళ్ళలో అందరికన్నా ఎత్తుగా ఉన్నవాడు నాగులు. నిజాంపట్నం దగ్గర సముద్రం మీద వేటకి పోయే కుటుంబం. వేట లేని రోజుల్లో బస్సెక్కి క్లాసుకి వచ్చేవాడు. కాలు లేపితే గాలి చీలిన చప్పుడయ్యేది. తనకి కటా నేర్పమని ఎప్పుడూ అడిగేవాడు. "నీకెందుకురా అవన్నీ, సముద్రం మీద పెరిగిన మొరటు ఒళ్ళు నీది, తన్నడం నేర్చుకో చాలు," అనేవాడు ఎజ్రా. నాగులు తల వంచుకుని ఇసకబస్తాని తన్నడానికి పోయేవాడు.

థంగా అడుగులు వేశాడు. చప్పట్లు మోగాయి. ఎజ్రా దూకబోతుండగా సుబ్బరామయ్యగారు కుర్చీలోంచి చెయ్యెత్తారు.

"ఏమయ్యా, నీ దెబ్బ మీ మాస్టరు తప్పించుకుంటే గొప్పేంటి? మీరూ మీరూ ఒకటి. మా నాగుల్ని పంపు చూద్దాం."

"నాగులు! నాగులు!" అని జనం అరవడం మొదలుపెట్టారు.

అప్పుడు ఎజ్రా కాదనవచ్చు. మాస్టారికి ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు, బండి టైమైందనవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ జనం అరుపు, ఆ నిండిన మైదానం ఎన్నేళ్ళ నుంచో అతను కోరుకున్నవి. థంగా అతని వైపు చూశాడు.

"వద్దన్నా. నాకు రాదు," అన్నాడు చిన్నగా.

"ఏం కాదు. ఎడమకి తప్పుకో. అదే వస్తుంది నీకు," అన్నాడు ఎజ్రా.

నాగులు దగ్గరికొచ్చాడు. అతని ముఖంలో భయభక్తులున్నాయి. "మాస్టారూ, నిజంగా తన్నమంటారా? పెద్దాయన కదా."

"తన్ను. బలంగానే తన్ను. ఆయనకి తగలదు."

నాగులు వంగి థంగా పాదాలకి దణ్ణం పెట్టి లేచాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తిరిగి, గాల్లోకి కాలు లేపాడు. థంగా ఎడమకి తప్పుకోలేదు. ఉన్నచోటనే కళ్ళు మూసుకున్నాడు. కాలు అతని కుడి చెవి మీద తగిలింది. ఆ చప్పుడు మైకు దాకా వినబడింది. థంగా పక్కకి ఒరిగి మోకాళ్ళ మీద, తర్వాత చేతుల మీద పడ్డాడు.

మైదానమంతా ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. నాగులు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఎజ్రా పరిగెత్తాడు. థంగా దగ్గరికి కాదు, మైకు దగ్గరికి.

"చూశారా!" అన్నాడు. తన గొంతు తనకే తెలియని గొంతులా ఉంది. "మాస్టరు కావాలనే దెబ్బ తీసుకున్నారు. ఎవరైనా తప్పించుకోగలరు. దెబ్బని భరించి మనసు చెదరకుండా ఉండటమే ఈ విద్యలో ఆఖరి మెట్టు. అది మీకు చూపించడానికే..."

థంగాకి ఆ మాటలు ఎంతవరకు వినబడ్డాయో తెలియదు. కానీ ఎజ్రా ఇరుకున పడ్డాడని అర్థమైనట్టుంది. చేతులు నేలకి ఆనించి మెల్లగా లేచాడు. తూలుతూనే నడుం వంచి జనానికి నమస్కారం పెట్టాడు. మైదానం చప్పట్లతో దద్దరిల్లిపోయింది. సుబ్బరామయ్యగారు లేచి నిలబడి మరీ కొట్టారు. చెవిలోంచి కారిన నెత్తురు తెల్ల డ్రస్సు మెడ మీదికి దిగుతుంటే, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు, "ఎంత నిబ్బరమో చూడండమ్మా," అనుకున్నారు.

తిరుగు బండిలో థంగా కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. బండి వేమూరు దాటింది. అప్పుడు అన్నాడు: "ఎక్కడో మిల్లు ఆడుతున్నట్టుంది అన్నా. ఆగట్లేదు."

"తగ్గిపోతుంది. అమ్మకి చెప్పకు. ప్రాక్టీసులో తగిలిందందాం," అన్నాడు ఎజ్రా. అన్నాక, ఆ మాట మింగేయాలనిపించింది. థంగా తల ఊపాడు.

గుంటూరు డాక్టరు కర్ణభేరి పగిలిందన్నాడు. లోపలి నరం కూడా దెబ్బతిందన్నాడు. మందులు వాడారు, చుక్కలు వేశారు. కొన్ని వారాలకి నొప్పి తగ్గింది గానీ కుడి చెవికి వినికిడి రాలేదు.

క్రిస్మస్ దగ్గరపడింది. సుగుణమ్మ కొయిరుని కూర్చోబెట్టి పాటలు చెప్పించసాగింది. థంగా వచ్చి తన చోట నిలబడ్డాడు. మొదటి చరణం పాడుతుండగానే సుగుణమ్మ పియానో మీద చేతులు ఆపేసింది. అతని గొంతు పక్క మెట్టు మీదికి వచ్చి కలవలేదు. కొంచెం పైన ఉండిపోయింది. మళ్ళీ పాడించింది. ఈసారి కొంచెం కింద ఉంది. అందరూ పుస్తకాల్లోకి చూస్తున్నారు. థంగా తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి విన్నాడు. తర్వాత పుస్తకం మూసి పియానో మీద పెట్టి, వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇక పాడలేదు. తర్వాతి ఆదివారం తెనాలి రాలేదు.

సుగుణమ్మకి పోస్టరు సంగతి కొయిరులో పాడే అమ్మాయి సరోజ చెప్పింది. వాళ్ళ అన్నయ్య రేపల్లెలో ఆ తమాషా చూశాడట. ఇంటికి వచ్చి సుగుణమ్మ కొడుకుని కేకలేయలేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మీ బెజవాడ గురువు నిన్ను నిలబెట్టి కొట్టించినప్పుడు, నీ వీపుకి కొబ్బరినూనె నేను రాశానురా. ఇంకెవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఈ బిడ్డకి నూనె రాయడానికి తల్లి ఎక్కడుంది? ఆవిడ నన్ను నమ్మి పంపినట్టే లెక్క. నేను చేపల పులుసు పెట్టి నీకు అప్పజెప్పాను."

ఎజ్రా ముద్ద నోట్లో పెట్టలేకపోయాడు.

"వాడు నీకు తెలుసు కదరా. ముక్కూ మొహం చూసి పిలిచేవాళ్ళకి తెలియదు. నీకు పేరు తెలుసు, ఊరు తెలుసు, ఆ ఊరు ఎలా కాలిందో తెలుసు. తెలిసి తెలిసి ఎలా చేశావురా?"

ఎజ్రా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడే బాపట్ల వెళ్ళాడు. థంగా హాస్టల్ వెనక నారుమడి దగ్గర ఉన్నాడు. ఎజ్రా కుడివైపు నుంచి పిలిస్తే పలకలేదు. ముందుకు వెళ్ళి నిలబడ్డాక తలెత్తాడు. ఎజ్రా చెప్పవలసినవన్నీ చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. అక్కడ మాట తడబడి, ఏడ్చేశాడు.

థంగా చేతికంటిన బురద కడుక్కున్నాడు. నిదానంగా, ఈసారి ఇంగ్లీషులో మాట్లాడాడు.

"మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి. అది నాకు ఇప్పుడు చేతకాదు. నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? మీ అమ్మగారి కోసం. అదొక్కటే కాదు. ఈ ఊళ్ళో మొదటిసారి జనం నన్ను చూసి నవ్వలేదు. నాకూ అది నచ్చింది. ఆ కాలు నా మీదికి వస్తుంటే, ఏమో, అన్న చెప్పినట్టు నిజంగానే నా రక్తంలో ఉందేమో, దానంతట అదే వస్తుందేమో అని ఒక్క సెకను ఎదురు చూశాను. అందుకే కదలలేదు."

ఎజ్రా తల వంచుకున్నాడు.

"దెబ్బ కొట్టినవాడి మీద నాకు కోపం లేదు. మీరు మైకు దగ్గరికి పరిగెత్తారు. నేను కింద నుంచి చూశాను." నారు కట్ట ఎత్తుకుంటూ, "నాకేం చెప్పక్కర్లేదు. అక్కడ చెప్పండి. అదే మైదానంలో, వాళ్ళందరికీ," అన్నాడు.

ఎజ్రా చెప్పాడు. ముందు తెనాలి క్లాసులో చెప్పాడు. తల్లిదండ్రులు కొందరు పిల్లల్ని మాన్పించారు. అది అతను అనుకున్నదే. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం రేపల్లె మైదానంలో మైకు పెట్టించాడు. ఈసారి పోస్టర్లు లేవు. దారిన పోయేవాళ్ళు ఆగారు, క్లాసు పిల్లలు వచ్చారు, సుబ్బరామయ్యగారు కూడా ఏమిటో చూద్దామని వచ్చారు.

"ఆ రోజు మీరు చూసిన మనిషి మాస్టరు కాదు," అన్నాడు ఎజ్రా. "మిజోరం అబ్బాయి. మన దేశమే. బాపట్లలో చదువుకుంటున్నాడు. అతనికి కరాటే రాదు. మొహం చూసి నమ్ముతారని నేనే తెచ్చి నిలబెట్టాను. ఆ దెబ్బకి అతని చెవి పోయింది. మైకులో నేను చెప్పింది అబద్ధం."

జనంలో గుసగుసలు లేచాయి. ఎవరైనా తిడతారని, రాయి విసురుతారని ఎజ్రా ఎదురు చూశాడు. రాయి విసిరితే బాగుండుననిపించింది.

"ఊరుకోవయ్యా," అన్నారు సుబ్బరామయ్యగారు నవ్వుతూ. "మేం కళ్ళతో చూశాం. అంత దెబ్బకి మామూలు మనిషైతే లేస్తాడా? ఏదో మీ మీకు చెడినట్టుంది. మాస్టరు మీద కోపంతో ఇలా చెప్పడం నీకు మర్యాద కాదు."

"అవునండీ. మొహం చూస్తే తెలియట్లేదా?" అన్నారు వెనక నుంచి ఇంకెవరో.

ఎజ్రా మళ్ళీ చెప్పాడు. గొంతు పెంచి చెప్పాడు. ఎంత గట్టిగా చెబితే అంత అసూయపరుడిలా కనబడ్డాడు. జనం విసుగెత్తి కదిలిపోయారు.

మైదానంలో మిగిలింది నాగులు ఒక్కడు. ఆ రోజు తర్వాత క్లాసుకి రాలేదతను. డ్రస్సు కూడా వేసుకోలేదు, లుంగీ మీదున్నాడు.

"నాకు తెలుసు మాస్టారూ," అన్నాడు. "ఆయన కళ్ళు మూసుకున్నాడు. అది చూసి కాలు ఆపుదామనుకున్నా. ఆగలా." అతను తన కుడికాలి వైపు చూసుకున్నాడు. "మీరు మైకులో చెప్పేసరికి, పోన్లే, పెద్దాయన కావాలనే తీసుకున్నాడనుకుని ఇంటికి పోయా. నిద్ర పట్టలా. నాకెందుకు చెప్పలేదు మాస్టారూ? చెబితే గాల్లో తన్నేవాణ్ణి కదా. నాకా మాత్రం అర్థం కాదనుకున్నారా?"

అనుకున్నాడు. మొరటువాడికి చెబితే బయటపెట్టేస్తాడనుకున్నాడు. ఆ సంగతి ఎజ్రాకి అప్పుడే తెలిసింది. థంగా ఒక్కడి దగ్గరే తప్పు చేశాననుకుని ఇంత దూరం వచ్చాడు.

"అనుకున్నాను నాగులూ," అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

నాగులు వంగి మైకు తీగ చుట్టసాగాడు. చివరికి, "నన్నాయన దగ్గరికి తీసుకెళ్ళండి," అన్నాడు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ బాపట్ల వెళ్ళారు. థంగా గది గుమ్మంలో నాగులు కాళ్ళ మీద పడబోతే థంగా రెండు చేతులతో పట్టి లేపాడు. "ఇటు కూర్చోండి. ఈ చెవికి వినబడుతుంది," అని తెలుగులో అన్నాడు. ఎజ్రా లోపలికి అడుగుపెట్టబోతుంటే, "మీరు బయట ఉండండి అన్నా," అన్నాడు. కోపంగా అనలేదు. ఎజ్రా వరండాలో కూర్చున్నాడు. లోపల నాగులు ఏదో చెబుతున్నాడు, థంగా మధ్యమధ్య ఏదో అడుగుతున్నాడు. వల, తెడ్డు, తుఫాను అనే మాటలు వినబడ్డాయి. ఒకసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని ఎజ్రాకి సంతోషమూ వేసింది, అది తనకి చెందదని కూడా తెలిసింది.

థంగా డిగ్రీ పూర్తి చేసుకుని తన రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు తెనాలి వచ్చి సుగుణమ్మ దగ్గర భోంచేశాడు. ఆవిడ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. స్టేషన్‌కి ఎజ్రా కూడా వెళ్ళాడు. బండి కదిలేటప్పుడు చెయ్యి కలిపాడు థంగా. క్షమించానని అనలేదు. ఎజ్రా అడగలేదు.

ఎజ్రా క్లాసు చిన్నదైపోయినా మానలేదు. కటా అడిగినవాళ్ళందరికీ నేర్పాడు. ఎవరినీ ఎవరి ముందూ దెబ్బలకి నిలబెట్టలేదు. నాగులు రెండేళ్ళ తర్వాత తిరిగి వచ్చాడు. కటా నేర్చుకుని, తర్వాత రేపల్లె క్లాసు అతనే నడిపాడు. సుగుణమ్మ కొయిరులో పియానో పక్క చోటు ఎవరికీ ఇవ్వకుండానే కన్నుమూసింది.

1996లో ఒక పనిమీద ఎజ్రా రేపల్లె వెళ్ళాడు. బస్టాండు దగ్గర కూల్‌డ్రింకు షాపులో ఉన్న నడివయసు మనిషి అతన్ని గుర్తుపట్టి స్టూలు వేశాడు.

"మీరు తెచ్చిన చైనా మాస్టరుగారు ఎలా ఉన్నారండీ? మా పిల్లలకి ఇప్పటికీ చెబుతుంటాను. చెవిలోంచి నెత్తురు కారుతున్నా చలించలేదండీ మహానుభావుడు."

"ఆయన మాస్టరు కాదండి," అన్నాడు ఎజ్రా. "పేరు లాల్‌థంగా. మిజోరం. వ్యవసాయం చదువుకున్నాడు. బాగా పాడేవాడు. ఆ దెబ్బకి చెవి పోయింది, పాట కూడా పోయింది. చేసింది నేను."

ఆ మనిషి కాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత సోడా కొట్టి చేతికందించాడు.

"శిష్యుడంటే మీరే సార్," అన్నాడు. "గురువుగారి గొప్ప బయటికి చెప్పకూడదన్నారు కాబోలు."

ఎజ్రా సోడా పక్కన పెట్టాడు. బస్సు వచ్చింది గానీ ఎక్కలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని, "కాదండి, కొంచెం వినండి," అని మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.